పచ్చిక కింద నాగేటి చాలు

"ఇంకా ఏదో మూసున్నాదమ్మా ఈ ఇంట్లో," అంది దాలమ్మ, పురిటిగది గుమ్మంలోకి వచ్చి.

మంత్రసాని దాలమ్మకి మోచేతుల దాకా ఆముదం జిడ్డు. నిన్న పొద్దున వచ్చిన మనిషి ఇప్పటిదాకా నడుం వాల్చలేదు. ఆ మొహం చూసి జగ్గమ్మ, కూతురెలా ఉందని అడగబోయి మానేసింది.

"అన్నీ తీసీసినాం కదే దాలీ. పెట్టెలు తీసినాం. గాదె మూత ఎత్తీసినాం. తాళాలన్నీ ఊడదీసి అరుగు మీద పోసినాం."

"కొప్పులు?"

"నా కొప్పూ ఇప్పీసినాను, దాని జడా ఇప్పీసినాను. పశువుల పలుపులు కూడా ఇప్పించీసినాను. ఇంకేటి ఇప్పమంతావే తల్లీ?"

కాన్పు కష్టమైతే ఇంట్లో కట్టినదల్లా విప్పాలి, మూసినదల్లా తెరవాలి. ఆ పల్లెల్లో ముత్తవ్వల నాటి నుంచీ ఉన్న నమ్మకం అది. దాన్ని నమ్ముకునే నిన్నంతా గడిచింది. నిన్న సాయంత్రం రాజాం నుంచి పొలం గట్ల మీద నడిచొచ్చిన డాక్టరు, జగ్గమ్మ కూతురు పద్మకుమారిని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, కోసి తియ్యడం తప్ప దారి లేదనీ, ఆ పని విజయనగరంలోనే కావాలనీ చెప్పాడు. రేపు పొద్దుగూకే లోపల, అన్నాడు. ఆ రేపు ఇవాళే.

విజయనగరం వెళ్ళే దారి ఇప్పుడు గెడ్డలో, వాగు నీళ్ళ కింద ఉంది. మొన్నటి వానకి వంతెన మొదలంటా కొట్టుకుపోయింది. చీపురుపల్లి స్టేషను దాకా బండి పోదు, మనిషీ పోడు. పద్మకుమారి మొగుడిది ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగం. అతనికి ఈ కబురు చేరిందో లేదో కూడా తెలియదు.

దాలమ్మ చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని రెండు దమ్ములు లాగింది.

"నాకు సదువు రాదమ్మా. నా సేతులకి తెలుస్తాది. ఈ ఇంట్లో ఎవులో ఏదో బిగబట్టుకోనున్నారు. అది ఒదిల్తే గాని ఇది ఒదల్దు."

ఆ మాట వసారాలో కూర్చున్న జగ్గమ్మ మొగుడు నరసింగరావుకి వినబడింది. ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తోచక మళ్ళీ కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని పెద్దలు ఊరికే అనలేదు.

"ఏటి బావా?" అన్నాడు ఎదురుగా ఉన్న వియ్యంకుడు గణపతిరావు.

"ఏటీ నేదు."

ఆ పక్కన కూర్చుని కాళ్ళ బురద గీక్కుంటున్నాడు కాశీవిశ్వనాథం. రాజాంలో దినుసుల వ్యాపారం ఆయనది. నిన్న డాక్టరుతో పాటు వెళ్ళి తంతి కొట్టించి, జవాబు పట్టుకుని మళ్ళీ గట్ల మీద ఏడు మైళ్ళూ తిరిగొచ్చిన మహానుభావుడు ఆయనే. విశాఖపట్నం నుంచి పదకొండు గంటలకి చిన్న విమానం వస్తుంది. అందులో ఒక సీటు తీసేసి మనిషిని పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయే ఏర్పాటు ఉంది. ఆ ఊరు సంకులవలస పక్కనున్న విమానాల బయలు బాగుంటేనే దిగుతుంది.

యుద్ధం రోజుల్లో తెల్లదొరలు కంకర పోసి, రోలర్లు తొక్కించి చేసిన బయలది. యుద్ధం పోయింది, దొరలు పోయారు, బయలు మిగిలింది. తొమ్మిది వందల గజాల పొడుగు. కంకర మీద పచ్చిక. ఒక కొసని గాలివాటం చూపించడానికి గుడ్డసంచీ కట్టిన గెడ. దానికి అసిరయ్య అనే కాపలా మనిషి. ఆ కంకర కింద నరసింగరావుది ఏడెకరాలు, దాన్ని ఆనుకుని గణపతిరావుది ఐదెకరాలు ఉండిపోయాయి.

"ఇప్పుడైనా తెలిసిందా?" అన్నాడు గణపతిరావు. ఆయనకి కడుపులో మాట కడుపులో ఆగదు. "ఆ బయలు మూసీయొద్దని సర్కారుకి అర్జీ రాసి సంతకం ఎట్టమంటే ఏటన్నావు? ఏడాదికి నాలుగుసార్లు దిగే గాలిమోటారు కోసం ఏడెకరాలు బీడెట్టుకుంతామా అన్నావు. నువ్వెట్టనేదు సరికదా, ఇంకో నలుగురి సేత ఎట్టనివ్వనేదు."

"ఇప్పుడా మాటలేల?"

"ఇప్పుడు కాపోతే ఎప్పుడు? కలరా వచ్చిన యేడు మందు దేన్లో వచ్చింది? తుపానుకి గెడ్డ ఇవతల పదకొండూళ్ళు పస్తులుంటే బస్తాలు ఎక్కడ దింపినారు? నీ కల్లంలోనా?"

"ఆ బస్తాల్లో సగం పురుగే."

"పురుగు బియ్యం తినే బతికినాం. నువ్వూ తిన్నావు."

"ఊరుకోండి బాబూ, లోపల ఆడకూతురు..." అన్నాడు కాశీవిశ్వనాథం.

గణపతిరావు గొంతు తగ్గించాడు గాని మాట తగ్గించలేదు. "నా ఐదెకరాలూ పోనాయి. నానేడిసినానా? పది ఊళ్ళకి పనికొస్తాది, ఉండనీ అన్నాను. నీకు మాత్రం ఆ మట్టే గావాల."

ఇంకో రోజైతే నరసింగరావు ఆ మాటకి ఇల్లెగరగొట్టేవాడు. ఇవాళ నోరు మెదపలేదు. వియ్యంకుడు దాన్ని బాధ అనుకుని, అనవసరంగా అన్నానే అని లోలోపల నొచ్చుకున్నాడు.

లోపల పద్మకుమారి అరిచింది. నిన్నటి అరుపులా లేదు. సన్నగా, అలిసిపోయినట్టు వచ్చి మధ్యలో తెగిపోయింది.

*

"బావూ, ఓపాలిలా రండి."

అసిరయ్య గడ్డివామి వెనక నిలబడి పిలిచాడు. చంకలో రెండు జెండాలు. తెల్లది ఎత్తితే విమానం దిగొచ్చు, ఎర్రది ఎత్తితే దిగకూడదు. నరసింగరావు అటూ ఇటూ చూసి వెళ్ళాడు.

"అక్కడ కంకరేసినాను బావూ. ఇరవై తట్టలు. ఏసింది ఏసినట్టే దిగిపోతంది. ఇందాక కాలెడితే సీలమండ దాకా పోనాది. నా బరువుకే అలగుంటే గాలిమోటారు సెక్రం ఏటౌతాది?"

"పైకి తెలస్తందా?"

"గడ్డి కప్పీసినాది. పై నుండి సూస్తే ఏటీ తెల్దు. అదే కదా నా బయం."

నెల్లాళ్ళ కిందటి సంగతి అది. బయలు మూసేస్తారు, భూములు పాత రైతులకి తిరిగిచ్చేస్తారు అని కబురు పుట్టిన రోజులు. ఏరువాక పున్నమి నాడు ఊరంతా ఎద్దుల కొమ్ములకి రంగులు పూసుకుంటుంటే, నరసింగరావు నాగలీ ఎడ్లూ తోలుకుని ఎవరూ లేవకముందే బయల్లోకి వెళ్ళాడు. ఏరువాక నాడు ముందు ఎవడి కర్రు దిగితే భూమి వాడిదని ఆయన తండ్రి అనేవాడు. తండ్రులన్న మాటల్లో మనకి పనికొచ్చేవే గుర్తుంటాయి కదా. బయలు నడిమధ్య, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా హద్దు చాలు తోలాడు. గట్టిగా గుర్తు పడాలని మూడుసార్లు తిప్పి తోలాడు.

తన హద్దు మీదే తోలి ఉంటే ఇంత కథ లేకపోను. పాత హద్దురాయి వదిలేసి, పన్నెండు గజాలు అవతలికి, వియ్యంకుడి భూమిలోకి తోలాడు. పాతికేళ్ళు కంకర కింద ఉన్న హద్దు ఎవడికి గుర్తుంటుందిలే అనుకున్నాడు. కరుడుగట్టిన కంకరని కర్రు చీల్చింది, చీలికలోకి వాన దిగింది, పైన గడ్డి మొలిచింది. చూసినవాడు అసిరయ్య ఒక్కడే. అతని గుడిసె నరసింగరావు దొడ్లో ఉంది. అంచేత అతనికి ఏమీ కనబడలేదు.

"నిన్నే సెప్పుంటే యాభై మంది పారలట్టుకొచ్చీవోరు బావూ. ఈపాటికి దిమ్మిసా కొట్టీసి గట్టి సేసీసుందుం."

"నోరు ముయ్యి."

"మూసే ఉన్నాను. నెల్లాళ్ళనుండి మూసే ఉన్నాను. ఇప్పుడు తవరు సెప్తారా, నాను సెప్పనా?"

నరసింగరావు గడ్డివామిని ఆనుకున్నాడు. చెప్పాలి. చెప్తే, ఆ నాగేటి చాలు ఎక్కడుందో చూపించాలి. చూపిస్తే గణపతిరావు చూస్తాడు. నీ ఇంటికి పిల్లనిచ్చి, నీ భూమిలో దొంగ హద్దు తోలానని, కన్నకూతురు చావుబతుకుల్లో ఉండగా ఎలా చెప్పడం? చెప్పాక ఆ పిల్ల ఆ ఇంట్లో ఎలా కాపురం చెయ్యడం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనం సులువుగా అనేస్తాం. నాకూ ఆయన మీద కోపంగానే ఉంది. కాని అడుసులో నిలబడ్డవాడికి కాలు పైకి రాదు.

"ఎర్రజెండా ఎత్తు," అన్నాడు చివరికి. "వానకి మెత్తగున్నాదని సెప్పు."

"మరి సిన్నమ్మో?"

"మద్దేనానికి గెడ్డ నీరు తీస్తాది. డోలీలో మోయిస్తాను."

"గెడ్డ తియ్యదని తవరికి తెల్దా బావూ?"

అసిరయ్య ఎర్రజెండా చంకలోంచి బయటికి తీశాడు. "ఎత్తుతాను. దిగితే ఆ నడిపే బావు సస్తాడు గనక ఎత్తుతాను. తవరి కోసం కాదు," అని వెళ్ళిపోయాడు.

*

పదకొండుకి ముందే సంకులవలస అంతా బయలు అంచున చేరింది. పక్క ఊళ్ళ వాళ్ళూ వచ్చారు. గొడ్లని తోలేశారు, రాళ్ళు ఏరేశారు. ఎవరూ పిలవలేదు. కలరా యేడు మందు తాగి బతికినవాళ్ళు వాళ్ళలో సగం మంది. విమానం చప్పుడు వినబడగానే పొలంలో చేస్తున్న పని వదిలి బయలు శుభ్రం చెయ్యడం వాళ్ళకి అలవాటు.

మబ్బుల కింద చిన్న చప్పుడు మొదలైంది. ఊరు ఊరంతా తలెత్తింది.

అసిరయ్య ఎర్రజెండా ఎత్తాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. విమానం కిందికి వచ్చింది, చక్రాలు కూడా కనబడ్డాయి. ఎర్రజెండా చూసి మళ్ళీ లేచింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు మరీ కిందగా తిరిగింది. నడిపేవాడు కిటికీలోంచి చెయ్యి ఊపి ఏమిటన్నట్టు అడగడం అందరికీ కనబడింది. అసిరయ్య జెండా దించలేదు.

మూడో చుట్టులో కిటికీలోంచి చిన్న సంచీ జారవిడిచి విమానం విశాఖపట్నం వైపు వెళ్ళిపోయింది.

సంచీలో ఇసక, ఇసకలో మడిచిన కాగితం. ఇంగ్లీషులో ఉంది. కాశీవిశ్వనాథం కూడబలుక్కుని చదివి చెప్పాడు.

"పై నుంచి చూస్తే బయలు బాగానే ఉందట. ఎర్రజెండా ఎందుకో తెలియలేదట. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వస్తాడట. పడమటి నుంచి మబ్బు కమ్ముతోంది, ఆ తర్వాత ఇంకోసారి రావడం అవదు, బాగుచేసే పనేమైనా ఉంటే ఈలోపల చెయ్యండి అని రాశాడు."

"బాగు సెయ్యడానికేటున్నాది?" అని అరిచాడు గణపతిరావు. ఒక్క అంగలో వెళ్ళి అసిరయ్య భుజం పట్టుకున్నాడు. "తాగున్నావేట్రా? లోపల నా కోడలు సస్తంటే ఎర్రజెండా ఎత్తుతావురా?"

అసిరయ్య జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"అడుగుతన్నాను, సెప్పు! ఏల ఎత్తినావు?"

"మెత్తగున్నాది బావూ."

"ఎక్కడ మెత్తగున్నాది? సూపించు!"

అసిరయ్య చూపించలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. జనం మీద పడ్డారు. ఒకడు తాగుబోతన్నాడు, ఒకడు జీతం తినే కుక్కన్నాడు. ఎవరో వెనక నుంచి మట్టిబెడ్డ విసిరితే అది అతని చెవి దగ్గర తగిలింది. అతను చెవి తుడుచుకోలేదు కూడా.

జగ్గమ్మ అప్పుడే వచ్చింది. విప్పిన జుట్టు విప్పినట్టే ఉంది. విమానం దిగకుండా వెళ్ళిపోవడం దొడ్డిగుమ్మంలోంచి చూసి పరిగెత్తుకొచ్చింది. అందరూ అసిరయ్యని చూస్తుంటే ఆమె మొగుణ్ణి చూసింది. నరసింగరావు ఆమెకి మేనమామే. పెళ్ళై ఇన్నేళ్ళైనా మావా అన్న పిలుపు పోలేదు.

"మావా."

ఆయన తలెత్తలేదు.

"ఊరు ఊరంతా ఆడ్ని తిడతంది. నువ్వొక్కుడివీ తిట్టనేదు. ఏల?"

గణపతిరావు అసిరయ్య భుజం వదిలేశాడు.

"నీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు కదా. కూలోడు అర్ధగంట ఆలీసంగా వస్తే అమ్మనాబూతులూ తిడతావు. ఈడు నీ కూతురు పేనం మీద ఎర్రగుడ్డ ఊపితే నువ్వు నేల సూస్తన్నావు. ఏటి సేసినావు మావా? సెప్పు."

"జగ్గీ, ఇంటికి పద."

"పోను. అది ఇప్పుడు అరవడం కూడా మానీసింది. తెలుసునా నీకు? అరవడానికి కూడా ఓపిక నేదు దానికి. సెప్పు!"

తేలు కుట్టిన దొంగకి ఎంతసేపు ఓర్పు ఉంటుంది? నరసింగరావు గడ్డిలో చతికిలబడ్డాడు. ఏడవడం రాని మనిషి ఏడుపు చూడటానికి భయంగా ఉంటుంది.

"ఆడి తప్పు నేదు," అన్నాడు. "నాగలెట్టినాను. ఏరువాక నాడు. నడిమజ్జిన అడ్డంగా సాలు తోలినాను. దిగితే అందులో పడతాది."

రెండో మట్టిబెడ్డ ఎత్తినవాడు దాన్ని కింద పడేశాడు.

"ఎక్కడ?" అన్నాడు గణపతిరావు.

*

చాలు దగ్గరికి వెళ్ళేసరికి గణపతిరావుకి ఇంకో సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైపోయింది. బయలు అంచున, గడ్డిలో సగం కూరుకుపోయి పాత హద్దురాయి ఉంది. ఆయన కాలితో గడ్డి తప్పించి రాయిని చూశాడు. అక్కడి నుంచి చాలు దాకా అంగలు వేసుకుంటూ నడిచాడు. లెక్క పైకి అనలేదు. చూస్తున్న రైతుల్లో లెక్క తెలియనివాడు లేడు.

కొట్టినా బాగుండును అనుకున్నాడు నరసింగరావు.

"నీ పిల్లని నా ఇంటికి తెచ్చుకున్నాను," అన్నాడు గణపతిరావు. పొద్దున్నుంచీ అరిచిన మనిషి గొంతు ఇప్పుడు పక్కవాడికి వినబడనంత చిన్నదైపోయింది. "పన్నెండు గజాలు అడిగితే ఇవ్వనేటి బావా? అడిగితే సరిపోను."

"బావా, నాను..."

"ఇప్పుడొద్దు. నీతో మాటాడితే సెయ్యి లేస్తాది. పారలు పట్రండ్రా!"

మిగిలింది గంటన్నర. రెండు వందల చేతులు ఉన్నాయి, కాని పారలూ తట్టలూ చేరేసరికే పన్నెండున్నర అయింది. చాలంతా పూడ్చే వ్యవధి లేదు. చక్రాలు నడిచే మధ్య పదిగజాలు చాలన్నాడు కాశీవిశ్వనాథం. మెత్తబడిన మట్టి తోడేశారు. అడుగున పెద్దరాళ్ళు పరిచి, పైన కంకర పోసి, దిమ్మిసాలతో కొట్టారు. కొట్టిన కొద్దీ రాళ్ళ సందుల్లోంచి నీరు పైకి వచ్చేది. ఇంకో వరస పోసేవారు, మళ్ళీ కొట్టేవారు. కుదురుకున్నట్టే ఉండి ఓ మూల కుంగేది. అసిరయ్య అందరితో పాటు తట్టలు మోశాడు. ఇందాక తిట్టినవాళ్ళు అతని మొహం చూడలేక తట్ట అందించి తల తిప్పుకున్నారు.

నరసింగరావు పార పట్టుకోబోతే గణపతిరావు లాక్కోలేదు, ఇవ్వనూ లేదు. ఆయన ఒంగి చేతులతోనే మట్టి తోడాడు. గోళ్ళు విరిగి రక్తం వచ్చింది. ఎవరూ ఆగమనలేదు. ఆ ఎవరూ ఆగమనకపోవడమే ఆయనకి పడిన శిక్షల్లో మొదటిది.

"పైన బల్లలు పరిస్తే ఆగుతాదేమో," అన్నాడు ఒక ముసలి వడ్రంగి.

"బల్లలెక్కడున్నాయి?"

"మా ఈది తలుపులు పీకి పట్రండి," అంది జగ్గమ్మ. "టేకువి. గది తలుపులూ పీకండి. తలుపుల్లేని ఇంట్లో ఉంటాను నాను."

తలుపులు వచ్చాయి. పీకినవాళ్ళు వాటిని భుజాల మీద మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. పక్క ఇళ్ళవాళ్ళు ఎవరూ అడక్కుండానే తమవీ తెచ్చారు. పడమటి కొండ కనబడటం మానేసింది. వాన వాసన వేసింది. రెండింటికి ఇంకా అరగంట ఉంది.

ఆ అరగంట విమానం ఇవ్వలేదు. మబ్బు చూసి తొందరపడ్డాడు కాబోలు, ఒంటిగంటన్నరకే చప్పుడు మొదలైంది.

"ఇంకా ఆ పక్క కొట్టనేదు!" అని అరిచారు ఎవరో.

"తప్పుకోండి, తప్పుకోండి!"

జనం అంచులకి పరిగెత్తారు. మధ్యలో తలుపులు మిగిలాయి. బురదలో పరిచిన పధ్నాలుగు తలుపులు. ఒక మూల తలుపు కాస్త ఒరిగినట్టుంది. లేక చూపుకి అలా ఉందో.

అసిరయ్య రెండు జెండాలూ పట్టుకుని గణపతిరావు దగ్గరికి వచ్చాడు.

"ఏది ఎత్తమంతారు బావూ?"

"నన్నడక్కు," అన్నాడు గణపతిరావు. "దున్నినోడ్నడుగు. ఎంత లోతు దించినాడో ఆడికే తెలుస్తాది."

అందరూ నరసింగరావు వైపు తిరిగారు. ఆయన తలుపుల మీదికి వెళ్ళి నిలబడ్డాడు. మడమలతో తొక్కాడు. ఎగిరి దూకాడు. ఎగిరిన ప్రతిసారీ పలకల సందుల్లోంచి పల్చటి బురద చిమ్మింది. తలుపులు కదిలాయి, మళ్ళీ కుదురుకున్నాయి. మనిషి బరువు ఆగింది. విమానం బరువు ఎంతో, అది వచ్చే వేగం ఎంతో, ఆ వడికి ఈ రాళ్ళు ఏమవుతాయో ఆయనకి ఏం తెలుసు? ముప్ఫై ఏళ్ళు దున్నిన రైతు. భూమిని తవ్వడమే తెలుసు గాని అది ఎంత మోస్తుందో ఎన్నడూ చూడలేదు.

విమానం ఒక చుట్టు తిరిగింది. జెండా కోసం చూస్తోంది.

అప్పుడు ఊరి వైపు నుంచి మంచం వచ్చింది. నలుగురు మోస్తున్నారు. దాలమ్మ పక్కన నడుస్తూ, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి ఆమె కడుపు పట్టుకునే ఉంది. మంచం అంచు దాకా తెచ్చి దించారు. పద్మకుమారి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు పైన తిరుగుతున్న విమానాన్ని చూసి, తర్వాత నాన్నని వెతుక్కున్నాయి.

జరిగిందేదీ ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

నరసింగరావు పరుగున వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. బురద చేతులు ఆమెకి తగలకుండా వెనక్కి పెట్టుకున్నాడు.

"నాన్నా," అంది. పెదాలు కదిలాయి, మాట దాలమ్మకి కూడా సరిగా వినబడలేదు. "అది ఇందాక వచ్చీసి ఎల్లిపోనాది కదా. ఇప్పుడు దిగుతాదా?"

జగ్గమ్మ మొగుడి మొహంలోకి చూసింది. గణపతిరావు కూడా చూశాడు. విమానం రెండో చుట్టు పూర్తవుతోంది. కొండ వైపు నుంచి మొదటి చినుకులు బయలు మీద పడ్డాయి.

నెల్లాళ్ళు నిజం తెలిసి నోరు విప్పని మనిషి, తనకి తెలియని మాట ఒకటి ఇప్పుడు చెప్పాలి.

"దిగుతాదమ్మా," అన్నాడు.

లేచి అసిరయ్య చేతిలోంచి తెల్లజెండా తీసుకున్నాడు. పైకి ఎత్తాడు. విమానం చప్పుడు తగ్గించి, తలుపుల వరసకి ఎదురుగా కిందికి దిగడం మొదలుపెట్టింది.